వంటింటి ప్రశ్నలు: బెల్లంతో వేడి చాక్లెట్

చలి ముదిరేసరికి కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల పాఠకుల నుంచి ఒకే తీరు ఉత్తరాలు వచ్చాయి. డబ్బాలో దొరికే తీపి పొడి కాకుండా కోకో, పాలు, బెల్లంతో ఇంట్లోనే వేడి చాక్లెట్ చేసుకోవాలని అందరి కోరిక. అడ్డంకులు మాత్రం ఒక్కొక్కరివి ఒక్కోలా ఉన్నాయి. వాటికి జవాబులు ఇవి.

పాలు తాజావే, పొద్దున పితికినవే. కోకో వేసి మరిగించినంత సేపూ బాగుంటాయి. బెల్లం వేయగానే విరిగిపోతున్నాయి. సెగ తగ్గించినా అంతే. ఎక్కడ తప్పుతోంది?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

తప్పు పాలది కాదు, బెల్లం వేసే వేళది. చెరకు రసంలోని లవణాలు, కొద్దిపాటి పులుపు బెల్లంలో మిగిలే ఉంటాయి. గోరువెచ్చని పాలు దాన్ని ఓర్చుకుంటాయి, మరిగే పాలు ఓర్చుకోలేవు. మీ విషయంలో ఇంకొకటి కూడా తోడైంది. మామూలు కోకోకీ కాస్త పులుపు గుణం ఉంటుంది. రెండు పులుపులూ మరుగు మీద కలిస్తే విరక్కుండా ఉండటం కష్టం. చెమ్మ పట్టి మెత్తబడిన బెల్లమైతే పులుపు మరీ ఎక్కువ.

అందుకే బెల్లాన్ని ముక్కగా వేయకండి. 100 గ్రాముల బెల్లం తురిమి, 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, కరిగి ఒక్క పొంగు రాగానే దించండి. పల్చటి గుడ్డలో వడకడితే ఇసుక, చెరకు పిప్పి గుడ్డలోనే ఉండిపోతాయి. ఈ బెల్లం నీళ్లు ఫ్రిజ్‌లో వారం రోజులు నిలవుంటాయి. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు మూడు టీ చెంచాలు చాలు.

కోకో పాలు మరిగాక స్టవ్ ఆర్పి, గిన్నె కిందికి దించి, రెండు నిమిషాలు ఆగండి. పొంగు పూర్తిగా అణిగి, పైన సన్నటి మీగడ ముడతపడుతుంది. అప్పుడు బెల్లం నీళ్లు ధారగా పోస్తూ కలపండి. ఆ నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవైతే ముందు గోరువెచ్చగా చేసుకోవాలి, లేకపోతే పాలు చల్లారిపోతాయి. కలిపాక మళ్లీ స్టవ్ ఎక్కించకూడదు. చల్లారితే గ్లాసును వేడినీళ్ల గిన్నెలో కాసేపు నిలబెట్టండి.

కొత్త బెల్లం కొన్న రోజున చిన్న పరీక్ష చేయండి. గిన్నెలో రెండు చెంచాల వేడి పాలు తీసుకుని నాలుగు చుక్కల బెల్లం నీళ్లు వేయండి. పలుకులు తేలితే ఆ బెల్లం పాలలోకి పనికిరాదు, పరమాన్నానికి కాక పులిహోరకో పులుసుకో ఉంచుకోండి. తాటి బెల్లానికీ, చలికాలంలో వచ్చే ఈత బెల్లానికీ ఇదే పద్ధతి. కోకోకి ఈత బెల్లం బాగా నప్పుతుంది. దాని పొగ వాసన చాక్లెట్ చేదుని చక్కగా మోస్తుంది.

విరిగిపోయిన పాలు పారబోయకండి. తాజా పాలే కాబట్టి ఇంకాస్త బెల్లం వేసి, అడుగంటకుండా తిప్పుతూ దగ్గరపడేదాకా మరిగిస్తే చాక్లెట్ కోవా అవుతుంది.

పచ్చి అల్లం దంచి వేస్తే, బెల్లం వేయకముందే పాలు పలుకులు పలుకులుగా అయ్యాయి. అల్లం కూడా పుల్లనిదేనా?
– ఒక పాఠకుడు, సిమిలిగుడ

ఇక్కడ పులుపు కారణం కాదు. పచ్చి అల్లంలో పాల మాంసకృత్తుల్ని తెంచే ఎంజైమ్ ఉంటుంది. గోరువెచ్చని పాలలో అల్లం రసం పోసి కదపకుండా వదిలితే పెరుగులా పేరుకుంటుంది కూడా. బాగా వేడెక్కితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. కాబట్టి దంచిన అల్లాన్ని ముందు పావు గ్లాసు నీళ్లలో మూడు నిమిషాలు తెర్లనిచ్చి, వడకట్టి, ఆ నీళ్లతోనే కోకో కలుపుకోండి. శొంఠి అయితే గ్లాసుకు రెండు చిటికెలు.

కోకో ఎంత కలిపినా ఉండలు పైన తేలుతున్నాయి, తాగేసరికి గ్లాసు అడుగున బురదలా మిగులుతోంది.
– ఒక పాఠకురాలు, రాయగడ

పొడిని నేరుగా పాలలో వేస్తున్నారు. కోకోలో కొవ్వు ఉంది, పిండి పదార్థం ఉంది. పొడి పాల మీద పడగానే పైపొర తడిసి జిగురవుతుంది, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా ఉండ విడదు.

గ్లాసుకు రెండు టీ చెంచాల కోకో, చెంచా అంచుకు సమంగా, అంటే సుమారు 5 గ్రాములు. చిటికెడు ఉప్పు వేయండి, చేదు తగ్గుతుంది. రెండు పెద్ద చెంచాల వేడినీళ్లు పోసి చెంచా వీపుతో గిన్నె గోడకి మెదపండి. మొదట రాళ్లలా, తర్వాత తడి మట్టిలా ఉంటుంది. ఒక నిమిషం దాటాక ఒక్కసారిగా నల్లబడి, చెంచా జరిపిన చోట అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు వచ్చేదాకా పాలు ముట్టుకోకండి. వచ్చాక ఒక గరిటె వేడి పాలతో పల్చన చేసి, మిగతా పాలలో కలిపి, సన్న సెగ మీద రెండు నిమిషాలు మరిగించండి. పచ్చి పిండి వాసన పోతుంది.

అడుగున కాస్త మడ్డి మాత్రం తప్పదు. కోకో పాలలో తేలుతుందే తప్ప కరగదు. అర చెంచా చోడిపిండిని చన్నీళ్లలో జారుగా కలిపి, పాలు మరిగేటప్పుడు పోసి ఐదు నిమిషాలు ఉడికిస్తే పాలు చిక్కబడి కోకోని పట్టి ఉంచుతాయి. దించాక కవ్వంతో ఓ పదిసార్లు చిలికితే నురగ వస్తుంది.

కొట్లో రెండు రకాల పొడులు ఉన్నాయి, ధరలో చాలా తేడా. ఏది కొనాలి?
– ఒక పాఠకుడు, జయపురం

డబ్బా వెనక తిప్పి పదార్థాల వరస చూడండి. బరువులో ఎక్కువున్నదే ముందు రాస్తారు. చక్కెర మొదట ఉంటే అది చక్కెర పొడే, కోకో పేరుకే. మీకు కావాల్సిన డబ్బాలో కోకో తప్ప ఇంకేమీ ఉండకూడదు. 501 అనే సంఖ్య కనిపిస్తే పొడిని క్షారంతో శుద్ధి చేశారని అర్థం. ఈ పద్ధతి 19వ శతాబ్దంలో హాలండ్‌లో వాన్ హౌటెన్ మొదలుపెట్టాడు. రంగు నలుపు, రుచి మెత్తన, పాలు విరిగే భయమూ తక్కువ. కానీ కోకోలోని మంచి పదార్థాల్లో చాలా భాగం క్షారానికి పోతుంది. క్షారం తగలని గోధుమరంగు పొడినే మేం కొనమంటాం. బెల్లం చివర్లో వేసే ఓపిక ఉంటే చాలు.

ఏలూరు వైపు బంధువులు తోటలో కాసిన కోకో గింజలు పంపారు. వాటితోనే చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుణుపురం

గింజ పులిసిందో లేదో ముందు చూడాలి. నాలుగైదు గింజలు నిలువుగా కోయండి. లోపల గోధుమరంగులో పగుళ్లు ఉంటే బాగా పులిసినవి. ఊదారంగుగానో, పలక రంగులో గట్టిగానో ఉంటే పులియనివి. ఎంత వేయించినా వగరు పోదు, చాక్లెట్ వాసన రాదు. కాయ కోసిన తర్వాత గుజ్జుతో సహా ఐదారు రోజులు పులియబెట్టి ఎండబెట్టడం తోటలోనే జరగాల్సిన పని. ఎండిన గింజకు ఇంట్లో అది సాధ్యం కాదు.

మంచివైతే మందపాటి మూకుడులో సన్న సెగ మీద 15 నుంచి 20 నిమిషాలు, తిప్పడం ఆపకుండా వేయించండి. పెంకులు చిటపటమని, పులుపు వాసన పోయి చాక్లెట్ వాసన వస్తే దించేయాలి. చల్లారాక చేత్తో నలిపి చేటలో చెరగండి. పెంకు పొట్టు మిగిలితే పాలు నాలుకకి గరుగ్గా తగులుతాయి. మిక్సీలో పొడి వస్తుందనుకోకండి. గింజలో దాదాపు సగం కొవ్వే కాబట్టి ముద్దవుతుంది. మిక్సీని నిమిషానికోసారి ఆపుతూ తిప్పండి. గ్లాసుకు 10 గ్రాముల ముద్ద చాలు. పైన నూనె తేలితే కవ్వం వేయండి.

పిల్లలకు రాత్రి ఇవ్వొచ్చా? మా అత్తగారికి షుగర్, ఆవిడకు బెల్లంతో పరవాలేదా?
– ఒక పాఠకురాలు, బరంపురం

5 గ్రాముల కోకోలో కెఫీన్ టీ కంటే చాలా తక్కువే. అయినా కోకోలోనే ఉండే థియోబ్రోమిన్ కూడా కొందరిని మేలుకొలుపుతుంది. పిల్లలకు సాయంత్రం అర గ్లాసుతో ఆపండి. రెండేళ్ల లోపు వాళ్లకి కోకో, తీపి రెండూ వద్దు. ఏడాది నిండని పాపకు తేనె అసలు పెట్టకూడదు.

బెల్లం కూడా చక్కెరే, ఖర్జూరమూ అంతే. అత్తగారికి తీపి లేకుండా రెండు యాలకులు, చిటికెడు దాల్చినచెక్క వేసి ఇవ్వండి. ఆవిడకు మూత్రపిండాల్లో రాళ్లు వచ్చి ఉంటే డాక్టర్ని అడిగాకే ఇవ్వండి, కోకోలో ఆక్సలేట్లు ఎక్కువ. పాలు పడని వాళ్లకి రెండోసారి తీసిన కొబ్బరిపాలు బాగుంటాయి, వాటిని మరగనివ్వకుండా వేడి చేయండి.

గ్లాసులో మిగిలింది పెంపుడు కుక్కకి పోయకండి. థియోబ్రోమిన్ కుక్కలకు విషం.