హాల్టర్ నెక్ జాకెట్టుకీ, దూడ పలుపుకీ చుట్టరికం

ప్రశ్న: మా చెల్లెలి పెళ్ళికి హాల్టర్ నెక్ బ్లౌజ్ కుట్టించుకున్నాను. మా మామ్మ చూసి "ఇదేంటే, మెడకి పలుపు కట్టినట్టుంది" అంది. ఆ పేరెందుకొచ్చిందో టైలర్‌కీ తెలీదు. పన్లో పని, మా పెయ్యదూడ మెడకి కట్టిన తాడు ఊరికే బిగుసుకుపోతోంది. ఏ ముడి వెయ్యాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: రిటైరైన పశువుల డాక్టర్ని జాకెట్టు గురించి అడిగింది మీరొక్కరేనమ్మా! మీ మామ్మగారు సరిగ్గానే పట్టుకున్నారు. ఇంగ్లీషులో హాల్టర్ అంటే పశువు తలకి తగిలించి నడిపించే తాడు. కళ్ళెంలా దానికి నోట్లో ఇనుము ఉండదు. మన పలుపు మెడకి, ముకుతాడు ముక్కుకి. ఉరితాడునీ వాళ్ళు హాల్టరనే అన్నారు. భుజాలు వదిలేసి మెడ వెనక ముడేసే గౌన్లు 1930లలో ఫ్యాషనయ్యాక ఈ పేరు బట్టలకీ బాగా అంటుకుంది. హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో 1955 నాటి సినిమాలో వేసుకున్న ఆ తెల్ల గౌను కూడా ఈ రకమే.

ఇక దూడ సంగతి. మీరు వేసింది ఉచ్చు అయ్యుంటుంది. లాగేకొద్దీ బిగుస్తుంది. పదో తరగతిలో నేనూ అదే వేశాను. రాత్రి వాన పడింది. నార తాడు తడిసి ఉబ్బి, ముడి పీటముడైంది. తెల్లారేసరికి పెయ్య గుంజ చుట్టూ తిరిగి తిరిగి మోకాళ్ళ మీద పడి ఉంది. కొడవలితో తాడు కోశాను, బతికింది. ఆ కోసిన ముక్కని నాన్న చాలా రోజులు దండెం మీదే ఉంచారు. నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు.

మెడకి బిగుసుకోని ముడి వెయ్యండి. కొస పొడుగ్గా వదిలి, తాడులో చిన్న మెలిక చెయ్యండి. కొసని దూడ మెడ చుట్టూ తిప్పి తెచ్చి, మెలికలోకి కింది నుంచి పైకి తీసి, గుంజ వైపు వెళ్ళే అసలు తాడు వెనకగా చుట్టి, మళ్ళీ అదే మెలికలోంచి కిందికి దించి లాగండి. మొదట ఏ స్తంభానికో కట్టి గట్టిగా గుంజి చూడండి. చుట్టు చిన్నదైతే ముడి తప్పినట్టే. మెడకీ తాడుకీ మధ్య అరచెయ్యి దూరాలి. దూడ పెరుగుతుంది కాబట్టి వారం వారం చూసుకోండి. సన్నటి నైలాన్ తాడు వద్దు, చర్మం కోస్తుంది. గుంజ దగ్గర మాత్రం జారుముడే వెయ్యండి. పాక అంటుకుంటే కొస ఒక్కసారి లాగితే ఊడిరావాలి.

జాకెట్టుకి రూలు తిరగబడుతుంది. అక్కడ జారుముడి పనికిరాదు, మెడ వెనక హుక్కు కూడా పెట్టించండి. బరువంతా మెడ మీదే కాబట్టి పట్టీ వెడల్పుగా ఉండాలి. పైట పిన్ను గుచ్చడానికి భుజం మీద గుడ్డుండదు, ఆ పట్టీకే గుచ్చాలి. బరువైన పట్టుచీర అయితే సాయంత్రానికి మెడ లాగేస్తుంది. ఆ రోజుకి తేలికపాటి చీరేదైనా చూసుకోండి.