అబ్బాయి అడిగింది సరైన ప్రశ్నే

మేడమ్, నాకు 46 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. మాకు ఒక్కడే అబ్బాయి, తొమ్మిదో తరగతి. ఇంట్లో ఉన్నంతసేపూ వాడి చేతిలో ఫోనే. మా చిన్నప్పుడు బడి వదిలితే చీకటి పడేదాకా వీధిలోనే ఉండేవాళ్లం. బిళ్లంగోడు, ఏడుపెంకులు, కోతికొమ్మచ్చి. ఎండాకాలం మా అన్నయ్య తాటిబుర్రలతో బండి చేసిచ్చేవాడు. కాలవలో ఈత నేర్పిందీ అన్నయ్యే. 1990 మే తుఫానుకి మా ఇంటి కప్పు లేచిపోతే, పదకొండేళ్ల నన్ను భుజాల మీద ఎక్కించుకుని నడుంలోతు నీళ్లలో బడి డాబాకి చేర్చాడు. వాడు పదితో చదువాపి నాన్నతో పొలంలోకి దిగాడు. నన్ను ఇంజనీరింగ్ చదివించారు. ఆ కష్టం, ఆ సుఖం రెండూ ఈ కాలం పిల్లలకి తెలియవు. మొన్న ఇదంతా చెబుతుంటే మావాడు, ‘అంత బాగుంటే మనం అక్కడికి ఎందుకు వెళ్లం?’ అని ఎదురు ప్రశ్న వేశాడు. కోపం ఆపుకోలేక చెయ్యెత్తాను. మా ఆవిడ అడ్డం వచ్చింది. నాన్నగారు పోయాక ఇంటి స్థలం దగ్గర అన్నయ్యతో మాట తేడా వచ్చి నాలుగేళ్లుగా రాకపోకలు లేవు, అది వేరే విషయం. అమ్మ అన్నయ్య దగ్గరే ఉంటుంది, సంక్రాంతికి ఇక్కడికి వచ్చి వెళుతుంది. ఫోన్ లాక్కుని వీణ్ణి హాస్టల్లో వేస్తే దారికొస్తాడంటారా?

జవాబు:

హాస్టల్ వద్దు. ఫోన్ సంగతంటారా, భోజనాల దగ్గర ఎవరూ ముట్టుకోకండి, రాత్రి పడుకునేముందు మీది కూడా కలిపి అన్నీ హాల్లో పెట్టేయండి. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇంతకన్నా పెద్ద జవాబు లేదు. ఉన్నా, మీ ఇంట్లో అసలు గొడవ దానివల్ల తీరదు.

మీ ఉత్తరం మీరే మళ్లీ ఒకసారి చదువుకోండి. తాటిబుర్రల బండి చేసింది ఎవరు? ముంజెలు తిన్నాక బుర్రలు రెండూ ఏరి, మధ్యలోకి పుల్ల గుచ్చి, తోయడానికి పంగల కర్ర వెతికి తెచ్చి మీ చేతిలో పెట్టింది ఎవరు? ఈత నేర్పింది, తుఫానులో మోసింది ఎవరు? మీ చిన్నతనంలో మీరు ఎక్కడ చేయి పెట్టినా అన్నయ్యే తగులుతున్నాడు. ఆ మనిషితో నాలుగేళ్లుగా మాటల్లేవు. దాన్ని ఉత్తరం చివర ‘వేరే విషయం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నన్నడిగితే విషయమంతా అదే.

ఒక సంగతి సూటిగా అంటాను, కష్టపెట్టుకోకండి. మీరు మీ అబ్బాయికి చెబుతున్న ఆ బంగారు బాల్యం మీ అన్నయ్యకి ఎంతవరకు దొరికింది? మీరు వీధిలో బిళ్లంగోడు ఆడుతున్న రోజుల్లో ఆయన నారుమడిలో ఉన్నాడు. మీకన్నా ఎన్నేళ్లు పెద్దవాడో మీరు రాయలేదు గానీ, పదకొండేళ్ల పిల్లాణ్ణి భుజాన వేసుకుని నీళ్లలో నడిచాడంటే అప్పటికి ఏ పదహారో పదిహేడో ఉండి ఉంటాయి. ఇవాళ ఆ వయసు పిల్లల్ని మనం బస్సెక్కించడానికి కూడా భయపడుతున్నాం. ఆయన చదువు ఆపుకుంటే మీ చదువు సాగింది. రుణం అనే మాట ఈ రోజుల్లో చాలామందికి నచ్చదు. నాకు మాత్రం దీనికి వేరే పేరు పెట్టడం చేతకాదు.

ఇక ‘మా రోజులు’ అన్నదాని గురించి. ఆ రోజుల్లో మంచి లేదని నేను అనను, నేనూ ఆ కాలం పిల్లనే. కానీ 1980లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పసిపిల్లల్లో నూటపది మందికి పైగా ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ లెక్క ముప్పైకి లోపు వచ్చింది. బడిలో అరచేతులు వాచేలా కొట్టినా ఇంట్లో చెప్పుకునేవాళ్లం కాదు, చెబితే ఇంకో నాలుగు పడేవి. పిల్లల్ని బడిలో కొట్టకూడదని 2009లో విద్యాహక్కు చట్టం వస్తే గానీ దేశమంతటికీ ఒక కట్టడి రాలేదు. ఇవన్నీ మీకు తెలియనివి కావు. చిన్నతనం చెప్పేటప్పుడు మాత్రం మనకి గుర్తు రావు. పిల్లలు అది కనిపెడతారు.

మీ అబ్బాయి దినచర్య మీరు రాయలేదు. తొమ్మిదో తరగతి, హైదరాబాద్ అంటే నాకు కొంత తెలుసు. పొద్దున ఏడింటికి స్కూల్ బస్సు, సాయంత్రం వచ్చేసరికి ఆరు, తరవాత ట్యూషనో ఫౌండేషన్ కోర్సో. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బంతి వేస్తే కార్ల అద్దాలు పగులుతాయని అసోసియేషన్ వాళ్లు కేకలేస్తారు. అందులో ఏ టైములో, ఎవరితో కోతికొమ్మచ్చి ఆడాలి ఆ పిల్లవాడు? ఎక్కడానికి చెట్టేది? ఆ స్కూలూ ఆ ఫ్లాటూ ఎంచుకున్నది మనం. వాడి మీద నెపం వేయడం అన్యాయం.

అంతకన్నా బాధపడాల్సింది ఇంకొకటుంది. మీకు అన్నయ్య ఉన్నాడు. మీవాడు ఒక్కడే. వాణ్ణి ‘ఒరేయ్ తమ్ముడూ’ అని పిలవగలిగిన వాళ్లు లోకంలో ఎవరైనా ఉంటే అది మొదట పెదనాన్న పిల్లలే. వాడికి పదేళ్లప్పుడు మీరు ఆ దారి మూసేశారు. ఏం జరిగిందో వాడికి ఎవరూ చెప్పి ఉండరు. వాడికి తెలిసిందల్లా రోజూ నాన్న పెదనాన్నని పొగుడుతాడు, ఆ ఇంటికి మాత్రం తీసుకెళ్లడు. అందుకే అడిగాడు, మనం అక్కడికి ఎందుకు వెళ్లం అని. అది ఎదురు తిరగడం కాదు. ఇంట్లో ఇంకెవరూ అడగలేకపోయిన మాట ఆ పిల్లవాడు అడిగాడు. మీ చెయ్యి లేచింది అది సూటిగా తగిలినందుకే.

మీ అమ్మగారి సంగతి కూడా ఆలోచించండి. సంక్రాంతికి అరిసెల డబ్బాతో రైలెక్కి మీ దగ్గరికి వస్తుంది, పండగ రోజుల్లో పెద్ద కొడుకు ఊసు మీ ముందు రాకుండా జాగ్రత్తపడుతుంది. తిరిగి వెళ్లాక అక్కడ మీ ఊసు రాకుండా జాగ్రత్తపడుతుంది. ఈ వయసులో ఆవిడకి ఆ టెన్షన్ ఎందుకు?

స్థలంలో మీ వాటా వదులుకోమని నేను చెప్పను. ఎవరి వాటా వాళ్లదే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికీ అందులో వాటా ఉంది. అన్నదమ్ములిద్దరూ పోట్లాడుకున్న ఈ నాలుగేళ్లలో ఆవిణ్ణి ఒక్కసారైనా అడిగారా? అడగండి. తెలిసిన లాయర్‌తో కాగితాలు సరిచేయించుకోండి. అది మెల్లగా జరగనివ్వండి. మాట కలపడానికి మాత్రం కాగితాల కోసం ఆగకండి. చిన్నవాడు మీరు, ముందు మీరే ఫోన్ చేయాలి. తప్పు ఎవరిదైనా సరే.

మీ ఆవిడ చేతో అమ్మ చేతో కబురు పంపకండి. మీరే చేయండి. వదిన ఎత్తితే కుశలం అడిగి అన్నయ్యకి ఇమ్మనండి. స్థలం మాట ఎత్తొద్దు. ఆయన నిష్ఠూరమాడితే ఆడనివ్వండి, నాలుగేళ్ల నిష్ఠూరం ఉంటుంది కదా. వేసవి సెలవుల్లో వస్తున్నామని చెప్పండి. ఆ వెళ్లడం కూడా పిల్లవాణ్ణి దింపేసి రావడం కాదు, మీరూ వారం సెలవు పెట్టి ఉండండి. మొదటి రెండు రోజులు వాడు అక్కడ కూడా ఫోన్ పట్టుకునే కూర్చుంటాడు. ఏమీ అనకండి. ‘మా చిన్నప్పుడు ఇక్కడే’ అని మొదలుపెట్టకండి. చెప్పేవాళ్లు అక్కడ వేరే ఉన్నారు, మీ అన్నయ్య చెబితే వాడు వింటాడు.

ఇదంతా జరగడానికి ఇంకా టైముంది. చెయ్యెత్తినందుకు తప్పయిందని అబ్బాయికి ఈ రాత్రే చెప్పండి. ఊరికి వెళ్లకపోవడానికి కారణం ఏమిటో కూడా వాడికి అర్థమయ్యేలా, పెదనాన్న మీద నింద వేయకుండా, ఉన్నదున్నట్టు చెప్పండి.