కత్తి ఎవరు చూశారు? పేరెంట్స్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే స్కూల్ గొడవ గురించి. నలుగురూ నాలుగు వైపుల నుంచి రాశారు, ఒకళ్ళు రాసినట్టు ఇంకొకళ్ళకి తెలీదనుకుంటా. పేర్లు, ఊరు, స్కూల్ అన్నీ తీసేసి వేస్తున్నా. మిగతావాళ్ళ ప్రశ్నలు వచ్చే సంచికలో చూస్తా, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, మా బాబు తొమ్మిదో క్లాస్. రెండు వారాల కింద బ్రేక్‌లో మెట్ల దగ్గర పదో క్లాస్ పిల్లలు ఐదారుగురు కలిసి ఒక అబ్బాయిని కొట్టారు, తలకి కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రం నుంచి మా పేరెంట్స్ గ్రూప్ ఆగట్లేదు. ఏడింటికి కత్తి అన్నారు, ఎనిమిదింటికి గంజాయి అన్నారు, పదింటికి ఆ బాబు కోమాలో ఉన్నాడన్నారు, పొద్దున లేచేసరికి కొట్టినవాళ్ళలో ఒకడి నాన్న పెద్దమనిషి కాబట్టి స్కూల్ దాచేస్తోందని వాయిస్ మెసేజ్. మావాడు ఆ మెట్ల మీదే ఉన్నాడంట, కత్తి నేను చూళ్ళేదమ్మా, స్టీల్ వాటర్ బాటిల్‌తో కొట్టారు అంటాడు. ఆ మాట గ్రూప్‌లో పెడితే నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావ్ అన్నారు. సగం మంది ఆ పిల్లల్ని తీసేసేదాకా మన పిల్లల్ని పంపొద్దంటారు, సగం మంది పిల్లల గొడవని పెద్దది చెయ్యొద్దంటారు. మొన్న ఇద్దరు తల్లులు గేటు ముందే అరుచుకున్నారు. ఎవర్ని నమ్మాలి, నేనేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు మీ బాబు మాట నమ్మండి, ఎందుకంటే మీ గ్రూప్‌లో అంతమంది రాసినదాంట్లో కళ్ళతో చూసి చెప్పింది అదొక్కటే.

పుకారు ఎలా పుడుతుందో తెలిస్తే మీకు కొంచెం ధైర్యం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో అమెరికాలో పుట్టిన పుకార్ల మీద గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ అని ఇద్దరు సైకాలజిస్టులు పనిచేసి 1947లో ఒక పుస్తకం వేశారు. వాళ్ళు తేల్చిందేంటంటే విషయం మనకి ఎంత ముఖ్యమో, అందులో మనకి తెలీంది ఎంత ఉందో, ఈ రెండూ హెచ్చవేస్తే వచ్చేదే పుకారు బలం, రెండింట్లో ఏదో ఒకటి సున్నా అయితే పుకారు లేదు. మీ పిల్లల క్షేమం కంటే మీకు ముఖ్యమైంది లేదు, అది తగ్గదు, తగ్గకూడదు కూడా. మిగిలింది తెలీనితనం. ఆ రోజు సాయంత్రం స్కూల్ వాళ్ళు నాలుగు లైన్లు, ఎన్నింటికి జరిగింది, దెబ్బ తగిలిన బాబు ఎలా ఉన్నాడు, రేపటి నుంచి మెట్ల దగ్గర ఎవరుంటారు అని పంపించి ఉంటే ఏడింటి కత్తి పదింటికల్లా కోమా అయ్యేది కాదని నా నమ్మకం. రెండు వారాలు మాట్లాడకపోవడం స్కూల్ తప్పే, అందులో నాకు అనుమానం లేదు.

ఆ కత్తి సంగతి ఇంకా చెప్పాలి. అదే ఇద్దరూ ఒక ప్రయోగం చేశారు. రైలు పెట్టె లోపల జనం ఉన్న బొమ్మ, అందులో ఒక తెల్లాయన చేతిలో గడ్డం గీసుకునే కత్తి ఉంటుంది, ఎదురుగా ఒక నల్లాయన నిలబడి ఉంటాడు. బొమ్మ చూసినాయన ఇంకొకరికి చెప్పాలి, వాళ్ళు మరొకరికి, ఇలా ఆరేడుగురి దాకా. సగానికి పైగా సార్లు ఎక్కడో ఒక చోట ఆ కత్తి నల్లాయన చేతిలోకి మారిపోయింది! ఎవరూ కావాలని అబద్ధం ఆడలేదు. ఎవరంటే ముందే అనుమానమో కత్తి తనంతట తానే వాళ్ళ చేతికి వెళ్ళింది. మీ గ్రూప్‌లో గంజాయి అని ముందుగా ఏ పిల్లాడి పేరు పక్కన వచ్చిందో ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి. అంతకుముందే "ఆ పిల్లలు" అని మనం వేలెత్తి చూపిస్తున్న పిల్లాడే అయ్యుంటాడు.

ఇది ఎదుటివాళ్ళ మీద పెట్టి చెప్పట్లేదు. నేను టీచర్‌గా ఉన్నప్పుడు మా క్లాస్‌లో ఒక పిల్లాడి కళ్ళజోడు విరిగింది, ఎవరో బెంచీ కిందకి నెట్టారు. క్లాస్ అంతా ఒక్క పేరే చెప్పింది, ఎందుకంటే ఆ పేరుగల పిల్లాడు అంతకుముందు రెండుసార్లు కొట్లాడాడు. నేను ఇంకేం అడగలేదు. రెండ్రోజులు వాణ్ణి వరండాలో నిలబెట్టా. మూడో రోజు ఒకమ్మాయి ఏడుస్తూ వచ్చి టీచర్ అది వాడు కాదు, ఆ రోజు వాడు అసలు లైబ్రరీలో ఉన్నాడు అని చెప్పింది. అదే క్లాస్ ముందు నిలబడి వాడికి సారీ చెప్పా. వాడు తలూపాడు. ఆ సంవత్సరం మళ్ళీ ఒక్కసారి కూడా నా క్లాస్‌లో చెయ్యెత్తలేదు. వరండాలో నిలబడ్డప్పుడు వాడు కిటికీలోంచి బోర్డు మీది లెక్క నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాడు, ఆ పేజీ నాకిప్పటికీ గుర్తుంది.

ఇక మీ బాబుని ఎలా అడగాలో చెప్తా. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో చేసిన ప్రయోగం ఒకటుంది. అందరికీ అవే కారు ప్రమాదాల ఫిల్మ్‌లు చూపించారు. కార్లు "తాకినప్పుడు" స్పీడ్ ఎంత అని అడిగితే సగటున గంటకి దాదాపు 32 మైళ్ళన్నారు, "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అని అడిగితే 40 దాటించారు. వేరేవాళ్ళకి ఇంకో ప్రమాదం ఫిల్మ్ చూపించి ఇలాగే అడిగి, వారం తర్వాత అద్దం పగిలిందా అని అడిగితే, గట్టి మాటతో ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది పగిలింది చూశామన్నారు, ఆ ఫిల్మ్‌లో అద్దం పగలనే లేదు. పెద్దవాళ్ళకే ఇలా అయితే పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి పట్టుకుని "కత్తి ఉందా లేదా నిజం చెప్పు" అని నాలుగుసార్లు అడిగితే నాలుగోసారికి వాడికి కత్తి కనిపిస్తుంది. కాబట్టి ఏం చూశావో మొదటి నుంచి చెప్పు నాన్నా అని అడిగి ఊరుకోండి. మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి. చూసింది వేరే, విన్నది వేరే అని వాడే విడదీసి చెప్పేలా చూడండి. చెప్పింది చెప్పినట్టు రాసి, తేదీ వేసి ప్రిన్సిపల్‌కి ఇచ్చి, అందినట్టు రాయించుకోండి. గ్రూప్‌లో మాత్రం పెట్టకండి, మీవాడు సాక్షి, రేపు వాడి మీద ఒత్తిడి వస్తుంది.

అందర్నీ తీసేయాలనే మాట మీద కూడా ఒకటి. ఏ తప్పుకైనా ఒకే కఠిన శిక్ష, మారుమాట లేదు అనే పద్ధతిని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కమిటీ పరిశీలించి 2008లో రిపోర్ట్ ఇచ్చింది, దానివల్ల స్కూళ్ళు ఇంకా క్షేమంగా అయ్యాయనడానికి ఆధారం దొరకలేదంది. అలాగని పిల్లల గొడవే కదా అని వదిలేయమని నేను అనను. ఐదారుగురు ఒక్కణ్ణి కొట్టారమ్మా, దాన్ని గొడవ అనరు, దాడి అంటారు.

ప్రశ్న: మేడమ్ గారూ, మెట్ల దగ్గర ఆ పిల్లాణ్ణి కొడుతుంటే వీడియో తీసింది మా అబ్బాయి. వాడు చెయ్యి వెయ్యలేదు, ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు అంతే. ఇప్పుడు వాడి ఫోటో, పేరు, మా ఇంటి అడ్రస్‌తో సహా అందరి ఫోన్లలో తిరుగుతోంది, రౌడీ అని రాశారు. వాడు గదిలోంచి బయటికి రావట్లేదు. చూసినందుకు కూడా శిక్షేనా? వీడియో డిలీట్ చేయించాను.

జవాబు: అయ్యా, మీ బాధ నాకు అర్థమైంది. మీ అబ్బాయి ఫోటో తిప్పుతున్నవాళ్ళు పెద్ద తప్పు చేస్తున్నారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 40వ అధికరణం తప్పు చేశాడని ఆరోపణ వచ్చిన పిల్లాణ్ణి కూడా నేరం రుజువయ్యేదాకా నిర్దోషిగానే చూడాలి, మొదటి నుంచి చివరి దాకా వాడి గోప్యత కాపాడాలి అంటుంది. ఆ ఫోటోలు ఎవరు ఎప్పుడు పెట్టారో స్క్రీన్‌షాట్లు తీసి పోలీసులకి కంప్లైంట్ ఇవ్వండి, మొహమాటపడకండి.

కానీ "అంతే" అని రాశారు చూడండి, ఆ మాట దగ్గర నేను మీతో లేను. కెనడాలో టొరంటో స్కూళ్ళ ఆటస్థలాల్లో చిన్న తరగతుల పిల్లల్ని కెమెరాతో గమనించి 2001లో ఒక పరిశోధన వేశారు. వేధింపు జరిగిన సందర్భాల్లో 88 శాతం తోటిపిల్లల ముందే జరిగాయి, ఎవరో ఒకరు అడ్డుపడింది 19 శాతమే. అడ్డుపడ్డప్పుడు మాత్రం సగానికి పైగా సార్లు పది సెకండ్లలో ఆగిపోయింది. పది సెకండ్లు! మీవాడి వీడియో ఎంతసేపు ఉందో మీకు తెలుసు. నేను వాణ్ణి రౌడీ అనట్లేదు, భయపడి ఉంటాడు, ఫోన్ వెనక దాక్కుని ఉంటాడు, ఆ వయసులో అది జరిగేదే. అయినా నేలమీద పడ్డ పిల్లాడికి పైన కనిపించిన మొహాల్లో మీవాడి మొహం ఒకటి. ఆ సంగతి మీరు కాదంటే మీవాడు జన్మలో ఒప్పుకోలేడు, ఆ గదిలోనే ఉండిపోతాడు.

వీడియో డిలీట్ చేయించడం పొరపాటు, అది సాక్ష్యం, పైగా మీవాడు కొట్టలేదని చూపించేది కూడా అదే. డిలీటెడ్ ఫోల్డర్‌లో ఇంకా ఉందేమో ఈరోజే చూడండి, ఉంటే దర్యాప్తు చేసేవాళ్ళకి ఇవ్వండి, ఇంకెవరికీ పంపొద్దు.

తర్వాత ఏంటి అంటారా, 1974లో కెనడాలోనే ఎల్మైరా అనే చిన్న ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు తాగి ఒక్క రాత్రిలో 22 చోట్ల కార్లు, ఇళ్ళ కిటికీలు అన్నీ పాడుచేశారు. మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ ఆఫీసర్ వీళ్ళని బాధితుల గుమ్మాల ముందుకే తీసుకెళ్తే ఎలా ఉంటుందని జడ్జిని అడిగాడు. వాళ్ళు ఒక్కో తలుపు కొట్టి ఇది చేసింది మేమే అని చెప్పి, నష్టమెంతో రాసుకుని, నెలల్లోనే తిరిగి కట్టారు. ఈరోజు చాలా దేశాల స్కూళ్ళల్లో బాధితుణ్ణీ తప్పు చేసినవాణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతికి ఆ రోజు ఒక మొదలు. మీవాడు ఒక ఉత్తరం రాయొచ్చు, నేను అక్కడున్నా, ఆపలేదు అని. సొంత మాటల్లో రాయాలి, మీరు దిద్దొద్దు. ఇవ్వడం స్కూల్లో పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్ ద్వారానే, ఆ పిల్లాడి ఇంటివాళ్ళు సరే అంటేనే. వద్దంటే అక్కడితో ఆగిపోవాలి.

ప్రశ్న: దెబ్బ తిన్నది నా కొడుకు. కోమా లేదు, కత్తి లేదు, ఏడు కుట్లు, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు. నెల ముందే వాళ్ళు బెదిరిస్తున్నారని క్లాస్ టీచర్‌కి చెప్పాను. ఇప్పుడు అందరూ క్షమించమంటున్నారు, స్కూల్ వాళ్ళు విషయం ముగిసిందంటున్నారు. నేను ఎక్కువ చేస్తున్నానా?

జవాబు: లేదు తల్లీ, మీరు ఎక్కువ చెయ్యట్లేదు. ఇవాళే క్షమించమని అడిగే హక్కు ఎవరికీ లేదు, పైన నేను చెప్పిన ఉత్తరం వస్తే చదవాల్సిన పని కూడా లేదు.

మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద మాట నెల ముందే చెప్పాను అన్నది. గ్రూప్ అంతా లేని కత్తి కోసం వెతుకుతుంటే ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు చూడండి. అమెరికా సీక్రెట్ సర్వీస్ 2008 నుంచి 2017 దాకా స్కూళ్ళలో జరిగిన 41 దాడుల్ని పరిశీలించి 2019లో రిపోర్ట్ ఇచ్చింది, దాడి చేసిన ప్రతి ఒక్కళ్ళ ప్రవర్తనలోనూ కంగారుపడాల్సిన సంగతులు ముందే ఉన్నాయి. మిషిగన్‌లో ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్‌లో 2021 నవంబర్ 30న ఒక పిల్లాడు తుపాకీ బొమ్మ గీశాడని పొద్దున్నే తల్లిదండ్రుల్ని పిలిపించారు, వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళలేదు, వాడు క్లాస్‌కి తిరిగెళ్ళాడు, బ్యాగ్ ఎవరూ తెరిచి చూడలేదు. తుపాకీ అందులోనే ఉంది. కాసేపటికే కాల్పులు, నలుగురు విద్యార్థులు పోయారు. 2024లో తల్లికీ తండ్రికీ వేర్వేరుగా విచారణ జరిగి ఇద్దరికీ పది నుంచి పదిహేనేళ్ళ శిక్ష పడింది. మీ అబ్బాయి విషయం ఆ స్థాయిది కాదు, దేవుడి దయ. కానీ ముందే తెలిసిన పెద్దవాళ్ళు ఏం చేశారు అనే ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

కాబట్టి రాతపూర్వకంగా అడగండి. ఫలానా తేదీన నేను చెప్పింది ఎక్కడ నమోదైంది, ఎవరికి చేరింది, ఆ బ్రేక్‌లో మెట్ల దగ్గర డ్యూటీ ఎవరిది, వాళ్ళు ఎక్కడున్నారు. ఇందులో ఆ టీచర్‌ని బలి చెయ్యమని లేదు, ఆవిడ పైవాళ్ళకి చెప్పి ఉండొచ్చు, అది కూడా తేలాలి కదా. మీరు చెప్పింది ఫోన్‌లో మెసేజ్‌గా ఉంటే జాగ్రత్త చేసుకోండి, నోటిమాటే అయితే ఆ రోజు ఏం మాట్లాడారో గుర్తున్నంతవరకు ఇప్పుడే రాసి పెట్టుకోండి. రాత్రుళ్ళు ఉలిక్కిపడటం తేలిగ్గా తీసుకోకండి, నెల దాటినా తగ్గకపోతే మాత్రం తప్పకుండా పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి, అంతకుముందే తీసుకెళ్ళినా మంచిదే. బాబు స్కూల్‌కి ఎప్పుడెళ్ళాలో వాణ్ణే అడగండి.

ప్రశ్న: నేను ఆ గ్రూప్ అడ్మిన్‌ని అక్కా. మూసేయమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ. మూసేస్తే రేపటికి మూడు గ్రూపులు పుడతాయి, వాటిల్లో నువ్వు ఉండవు. ఇవాళ రాత్రే ఒక మెసేజ్ పెట్టి పైన పిన్ చెయ్యి, పిల్లల పేర్లు, ఫోటోలు, వీడియో పెట్టొద్దు, పెడితే తీసేస్తా అని, ఇంకా ఏం రాసినా ముందు "చూశాను" అనో "విన్నాను" అనో రాయమని. అడగాల్సినవన్నీ నీకు పంపమను, ఒకే కాగితం మీద రాసి ప్రిన్సిపల్‌కి ఇవ్వు, జవాబు ఏ రోజుకి ఇస్తారో అక్కడే అడుగు. దెబ్బ తిన్న బాబు వాళ్ళమ్మ గ్రూప్‌లో ఉందేమో చూడు, ఉంటే ఈ రెండు వారాలూ ఆవిడ మౌనంగా అంతా చదువుతూనే ఉండి ఉంటుంది, కాగితంలో మొదటి ప్రశ్న ఏం రాయాలో ఆవిడకి ఫోన్ చేసి అడుగు.