బీసీఏ ఆపేసి డిజైన్‌లోకి వెళ్తానంటోంది, పంపించాలా?

ప్రశ్న: మాది హిందూపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా పాప బీసీఏ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తుంది. ఇప్పుడు కాలేజీ మానేసి డిజైన్ వైపు వెళ్తానని పట్టుబట్టింది. 'ఈ రోజుల్లో డిగ్రీ ఎవరూ అడగరు నాన్నా, ఆన్‌లైన్‌లో మనం చేసిన పనులు చూపించే మంచి పోర్ట్‌ఫోలియో ఉంటే చాలు' అంటోంది. ఆరు నెలల యూఐ యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లు ఎలా కనిపించాలో, వాడేవాళ్లకి ఎలా సులువవ్వాలో రూపొందించే పని) కోర్సు ఒకటి చూసింది. ఫీజు లక్షన్నర పైనే, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అది కాకపోతే నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ బీడిజైన్‌లో మళ్లీ మొదటి నుంచి చేరుతుందట. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. ఐప్యాడ్ కూడా అడుగుతోంది, కొనాలా? మా అన్న కొడుకు సాఫ్ట్‌వేర్‌లో సెటిలయ్యాడు. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందుగా ఒక్క మాట. బీసీఏ ఆపించకండి. మిగతావన్నీ ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇలా చెప్పానని మీ పాప నన్ను మీ పక్షం అనుకోవచ్చు. నేను మీ పక్షం కాదు. ఆ అమ్మాయి డిజైన్‌లోకి వెళ్లవచ్చు, వెళ్లాలి కూడా. కానీ రెండేళ్లు చదివిన చదువుని మధ్యలో వదిలేసి వెళ్లాల్సిన అవసరం ఏమీ లేదు. 'డిగ్రీ ఎవరూ అడగరు' అన్న మాటలో సగం నిజం ఉంది. ఎదురుగా కూర్చున్న డిజైనర్ అడగడు, పని చూపించమంటాడు. కానీ అతని దాకా చేరాలంటే చాలా కంపెనీల్లో ముందు ఒక అప్లికేషన్ నింపాలి, అందులో డిగ్రీ గడి ఉంటుంది. రేపు డిజైన్‌లో పీజీ చేయాలనుకున్నా అంతే. డిజైన్ పీజీ సీట్ల కోసం ఐఐటీలవాళ్లు పెట్టే సీడ్ ప్రవేశ పరీక్ష రాయాలంటే ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల చదువు ఉండాలి. బీసీఏ పూర్తయితే ఆ తలుపు తెరిచే ఉంటుంది, ఇప్పుడు ఆపేస్తే మూసుకుపోతుంది. పైగా బీసీఏలో నేర్చుకునే, వెబ్ పేజీలు కట్టే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ ఈ రంగంలో వృథా పోయేవి కావు. తన వెబ్‌సైట్‌ని తానే కట్టుకుని, సైట్లు ఉచితంగా పెట్టుకోనిచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో పైసా ఖర్చు లేకుండా పెట్టుకోగలదు. డెవలపర్ మాట అర్థమయ్యే డిజైనర్‌కి ఈ ఊళ్లో ఎప్పుడూ గౌరవం ఉంటుంది.

ఇక మీ సంగతి. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి, ఊరూ కోర్సు పేరూ మాత్రమే మారతాయి. మీ ఉత్తరంలో ఫీజు ఉంది, గ్యారంటీ ఉంది, అన్నగారి అబ్బాయి ఉన్నాడు, బంధువులు ఉన్నారు. మీ పాప ఏం బొమ్మలు వేస్తుందో మాత్రం ఒక్క ముక్క లేదు. మనుషుల ముఖాలా, కామిక్సా, అక్షరాలా, పోస్టర్లా? రంగుల్లో వేస్తుందా, పెన్సిల్‌తోనా, ఫోన్‌లోనా? మీకు తెలియదని నాకు అనిపిస్తోంది. లక్షన్నర పెట్టాలా వద్దా అని నిద్ర మానుకున్న తండ్రి, ఒక ఆదివారం పొద్దున పాప పక్కన కూర్చుని ఆ బొమ్మలన్నీ మొదటి నుంచి చివరి దాకా చూసి ఉండాల్సింది. ఇంటి స్థలం కొనేటప్పుడు దాని మీద అప్పులేమైనా ఉన్నాయేమో చెప్పే ఈసీ తీయించకుండా అడ్వాన్స్ ఇస్తారా? మరి పిల్ల విషయంలో అంత శ్రద్ధ కూడా పెట్టకపోతే ఎలా? కోపం తెచ్చుకోకండి. ఈ మాట మొహం మీద చెప్పేవాళ్లు లేకనే చాలా ఇళ్లలో పిల్లలు తలుపు వేసుకుంటున్నారు.

ఇప్పుడు ఆ పోర్ట్‌ఫోలియో గురించి. అందరూ అదే మాట అంటారు గానీ అది ఎలా ఉండాలో ఎవరూ చూపించరు. మారతహళ్లిలో ఉండే ఒక బీకాం అమ్మాయిది చెప్తాను. ఆమె సైట్‌లో ఉన్నవి నాలుగే పనులు. అందులో ఒకటి, వాళ్ల వీధి చివర ఉన్న టిఫిన్ సెంటర్ మెనూ బోర్డు. ఓనరు మన సీమ మనిషి, ఉగ్గాణి బజ్జీ అమ్ముతాడు. వచ్చేవాళ్లలో కన్నడిగులు, తెలుగువాళ్లు, రెండూ రాని ఐటీ పిల్లలు అందరూ ఉంటారు. కాబట్టి మూడు లిపులు కావాలి. మొదటిసారి ఆమె వేసిన డిజైన్ కంప్యూటర్‌లో చక్కగా కనిపించింది. ప్రింట్ తీశాక చూస్తే 'ఇడ్లీ'లో ల ఒత్తు కిందకి దిగి, కింది వరుసలో 'దోసె' దీర్ఘానికి తగులుతోంది. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే వరుసల ఎడం తెలుగుకి, కన్నడకి సరిపోదు. మన అక్షరాలకి పైనా కిందా కూడా చోటు కావాలి. ఆమె ఎడం పెంచింది. పెంచితే బోర్డులో నాలుగు ఐటెమ్‌లు పట్టలేదు. వాటిని వేరే వరుసలోకి తెచ్చింది. అప్పుడు ఓనరు, 'ధరలు మారిన ప్రతిసారీ బోర్డంతా మార్చాలంటే నా వల్ల కాదు పాపా' అన్నాడు. దాంతో ధరల కోసం విడిగా అతికించుకునే స్టిక్కర్ పట్టీలు చేసింది.

సైట్‌లో ఆ పేజీ తెరిస్తే ఇదంతా ఉంటుంది. పనికిరాని మొదటి డిజైన్, ఒత్తు తగిలిన చోట ఎర్ర గీత, ఓనరు పెన్నుతో కొట్టేసి రాసిన కాగితం ఫొటో, చివరికి గోడ మీద వేలాడుతున్న బోర్డు. కింద నాలుగు వాక్యాలు, అంతే. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు ఆ బోర్డు గురించే అడిగారట. ఎందుకడగరు? ఎదుటి మనిషి అవసరం వింటుందా, తప్పు చూపిస్తే సర్దుకుంటుందా, మొదలుపెట్టిన పని పూర్తి చేస్తుందా అన్న మూడు ప్రశ్నలకీ ఆ ఒక్క పేజీలో జవాబు ఉంది.

మీ పాపకి కూడా ఇది దగ్గరి దారి. బెంగళూరులో పెరిగింది కాబట్టి కన్నడ వచ్చి ఉంటుంది. 2024లో వచ్చిన చట్ట సవరణతో కర్ణాటకలో షాపుల బోర్డుల మీద 60 శాతం కన్నడ ఉండి తీరాలి. చిన్న చిన్న కొట్లవాళ్లు ఆ 60 శాతాన్ని ఎలాగోలా ఇరికించి బోర్డులు మార్పించుకున్నారు, చాలావాటిలో అక్షరాలు ఊపిరాడకుండా ఉన్నాయి. చూసే కన్ను ఉన్న పిల్లకి చుట్టూ పనే. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సురన్న, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. తెలుగుకి 'బాలూ తమ్ముడు', కన్నడకి 'బాలూ తమ్మ' అని ఒకే కుటుంబంలోని ఫాంట్లు కూడా ఉన్నాయి, రెండు లిపులు పక్కపక్కన పెట్టాల్సి వస్తే పనికొస్తాయి. పాపకి తెలుగు చదవడం రాకపోతే మాత్రం ఆ తప్పు మీదే, ఇప్పటికైనా కూర్చోబెట్టి నేర్పించండి.

ఆరు నెలల కోర్సు గురించి నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోకుండా చెప్తాను. ఇలాంటి కోర్సుల నుంచి బయటకొచ్చిన పిల్లల పోర్ట్‌ఫోలియోలు పది తెరిచి చూస్తే పదీ ఒకేలా ఉంటాయి. ఒక ఫుడ్ డెలివరీ యాప్‌కి కొత్త రూపం, ఒక ఫిట్‌నెస్ యాప్, ఒక ట్రావెల్ యాప్. లేని మనిషికి ఒక పేరు పెట్టి, నెట్‌లో దొరికిన ఫొటో అతికించి, 'ఈమెకి సమయం తక్కువ' అని రాసి ఉంటుంది. ఏ నిజమైన మనిషీ ఆ యాప్‌ని ముట్టుకుని ఉండడు. ఉద్యోగం ఇచ్చేవాడు ఇవి చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు. పిల్లల్లో తెలివి లేక కాదు, ఒకే మూసలో పోసి పంపిస్తున్నారు. చేరే ముందు ఆ సంస్థని ఒకటే అడగండి: పోయిన బ్యాచ్ పిల్లల సైట్ల లింకులు పది ఇవ్వమని. వాళ్లు ఎంచి చూపించే ఇద్దరివి కాదు, వరుసగా పది. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

గ్యారంటీ అన్న మాట ప్రకటనలో పెద్దగా ఉంటుంది, ఫారంలో దాని కింద షరతులు ఉంటాయి. ఇన్ని ఇంటర్వ్యూలకి వెళ్లాలి, ఏ ఊరైనా ఒప్పుకోవాలి, ఎంత జీతమైనా కాదనకూడదు, అలాంటివి. ఇంకో సంగతి. 'వడ్డీ లేని నెలసరి వాయిదాలు' అంటే చాలాచోట్ల అది ఫైనాన్స్ కంపెనీ నుంచి మీ పేరు మీద తీసే అప్పు. పాపకి నచ్చక రెండో నెలలో మానేసినా మీ ఖాతా నుంచి ఈఎంఐ పోతూనే ఉంటుంది, కట్టకపోతే బ్యాంకులు అప్పివ్వడానికి చూసే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. సంతకం పెట్టే ముందు ఆ కాగితం మీరే చదవండి. పాప చేతికిచ్చి చదివించకండి.

అసలు యూఐ యూఎక్స్ మీదకి ఇంతమంది ఒక్కసారిగా పరుగెత్తడమే నాకు నచ్చడం లేదు. మీ పాప బొమ్మలు వేసే పిల్ల. స్క్రీన్ మీద బటన్ ఎక్కడ ఉండాలో రోజంతా ఆలోచించే పని తనకి ఇష్టమో కాదో తనకే ఇంకా తెలియదు. అందరూ అటే వెళ్తున్నారు కాబట్టి తనూ అటే అంటోంది. ఇది మీ అన్నగారి అబ్బాయి కాలంలో అందరూ సాఫ్ట్‌వేర్ అన్నదానికి ఏమీ తేడా లేదు.

సినిమా గ్రాఫిక్స్, యానిమేషన్ వైపు చూసినా ఇదే జాగ్రత్త. 2025 ఫిబ్రవరిలో సినిమా గ్రాఫిక్స్ చేసే టెక్నికలర్ గ్రూపు కుప్పకూలినప్పుడు మన దేశంలోనే వేలమంది ఉన్నపళంగా రోడ్డున పడ్డారు, అందులో బెంగళూరు ఆఫీసువాళ్లే ఎక్కువ. చేతి పని బాగా వచ్చినవాళ్లే వాళ్లంతా. వాళ్లలో తమ పని తమ సైట్‌లో పద్ధతిగా పెట్టుకున్నవాళ్లు ఆ వారమే లింకు పంపగలిగే స్థితిలో ఉంటారు. కంపెనీ సర్వర్‌లోనే అన్నీ వదిలేసినవాళ్లకి చూపించుకోవడానికి ఏమీ మిగలదు. ఏఐ భయం కూడా ఉంది, కాదనను. అందమైన బొమ్మ ఒక్కటే చూపించి బతికే రోజులు తగ్గుతున్నాయి. కానీ ఆ టిఫిన్ సెంటర్ ఓనరు చెప్పింది విని స్టిక్కర్ పట్టీ ఆలోచన చేసినంత వరకు మనిషికి పని ఉంటుందని నా నమ్మకం.

బీడిజైన్ మంచిదే. స్టూడియోలో తోటివాళ్ల పని చూస్తూ, టీచర్లతో తిట్లు తింటూ నేర్చుకోవడానికి సాటి లేదు. యలహంకలో సృష్టి డిజైన్ కాలేజీ ఉంది, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఫ్యాషన్ డిజైన్ నేర్పే నిఫ్ట్ ఉంది, మీరుండే చోటికి దూరమేమీ కాదు. కానీ ఇప్పుడు మళ్లీ మొదటి ఏడాది నుంచి నాలుగేళ్లంటే, దానికోసం మీరు రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవాలంటే, నేను వద్దనే అంటాను. బీసీఏ అయ్యాక పీజీకి వెళ్తే రెండు, రెండున్నరేళ్లలో అయిపోతుంది. జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ బెంగళూరు క్యాంపస్‌లో ఉన్నవి పీజీ కోర్సులే. కాబట్టి మీరడిగిన పోలికకి నా జవాబు, ప్రస్తుతానికి రెండూ వద్దు.

మరి ఈ ఏడాదిన్నర ఏం చేయాలి? కాలేజీకి వెళ్తూ చిన్న చిన్న నిజమైన పనులు చేయాలి. బంధువుల పెళ్లి శుభలేఖ, అపార్ట్‌మెంట్ ఉగాది పోస్టర్, తెలిసినవాళ్ల పచ్చళ్ల సీసాకి లేబుల్. ఊరికే చేయకూడదు. ఐదొందలైనా తీసుకోవాలి, సగం ముందే తీసుకోవాలి. 'ఈ పనిని నా సైట్‌లో చూపించుకుంటాను' అని మొదట్లోనే మెయిల్‌లో ఒప్పుకోలు తీసుకోవాలి, తర్వాత అడిగితే చాలామంది ఒప్పుకోరు. ఇంటర్న్‌షిప్ పేరుతో రోజుల తరబడి ఉచితంగా 'టెస్ట్' చేయించుకునేవాళ్లు ఉంటారు, ఒక పూటకి మించిన పనికి డబ్బు అడగమనండి. పనులు డిజైనర్లు తమవి చూపించుకునే బిహాన్స్ సైట్‌లో పెట్టవచ్చు, పదిమంది కళ్లబడతాయి, ఖర్చు లేదు. అదే సమయంలో తన పేరుతో సొంత డొమైన్, అంటే వెబ్ అడ్రసు, ఒకటి ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ మీద మాత్రమే ఆధారపడకూడదు, ఖాతా పోతే అన్నీ పోతాయి. సైట్‌లో ఈమెయిల్ చాలు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు వద్దు. ఆడపిల్ల గురించి మీకున్న భయం ఈ ఒక్క విషయంలో న్యాయమైనదే.

జనవరిలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డులో కర్ణాటక చిత్రకళా పరిషత్ వాళ్ల చిత్రసంతె జరుగుతుంది. పాపని తీసుకుని మీరూ వెళ్లండి. వందలమంది రోడ్డు పక్కన తమ బొమ్మలు పెట్టుకుని అమ్ముతుంటారు. ఎలా గడుస్తోందో ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. కొందరు కష్టంగా ఉందంటారు, కొందరు టీచర్లుగా చేస్తూ వేస్తున్నామంటారు, కొందరికి బాగా జరుగుతుంటుంది. మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకి నా మాటల కంటే అక్కడ మంచి జవాబు దొరుకుతుంది.

బంధువులు అడిగితే 'బీసీఏ చదువుతోంది, డిజైన్ కూడా చేస్తోంది' అనండి. అది నిజమే కదా. ఎవరైనా ఇంకా గుచ్చి అడిగితే, మన శుభలేఖల మీద కనిపించే ఆ బాపు అక్షరాల బాపుగారు మద్రాసులో లా చదివారని, ఆ చదువు ఆయన బొమ్మలకి అడ్డు రాలేదని చెప్పండి. మీ పాప తప్పకుండా బాపు అవుతుందని నేననడం లేదు. పట్టా చేతిలో ఉండి, నాలుగు మంచి పనులు చూపించగలిగితే తన తిండి తాను సంపాదించుకోగలదు, ఆ ధైర్యం మీకు నేనిస్తాను.

ఐప్యాడ్ ఇప్పుడు వద్దు. బీసీఏ కోసం కొన్న ల్యాప్‌టాప్ ఉంటుంది కదా, అందులో ర్యామ్ తక్కువైతే పెంచించండి. కొన్ని వేలల్లో ల్యాప్‌టాప్‌కి తగిలించి బొమ్మలు వేసే పెన్ టాబ్లెట్ వస్తుంది, అది కొనివ్వండి. బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్లు క్రిటా, ఇంక్‌స్కేప్ ఉచితం, యాప్ స్క్రీన్లు డిజైన్ చేసే ఫిగ్మా కూడా మొదట్లో ఉచితంగానే సరిపోతుంది. ఐప్యాడ్ ధరలో సగం తన పనుల మీద సంపాదించిన రోజు మిగతా సగం మీరు వేయండి, ఆ మాట ఇవాళే పాపకి చెప్పండి.