పాటల పేటిక: టౌన్స్ వాన్ జాంట్ గురించి మీరడిగినవి

ప్రశ్న: అమెరికన్ కంట్రీ-ఫోక్ (పల్లె, జానపద బాణీ) పాటల రచయిత టౌన్స్ వాన్ జాంట్ తాగుడు వల్లే అంత గొప్ప పాటలు రాయగలిగాడంటారు. నిజమేనా? (ఖమ్మం పాఠకుడు)

జవాబు: కాదు. ఆల్బమ్‌ల ఏళ్లు వరసగా రాసి చూడండి. 1968 నుంచి 1972 దాకా ఆరు వచ్చాయి. 1978లో ఒకటి. ఆ తర్వాత 1987 దాకా స్టూడియో ఆల్బమే లేదు. తాగుడు ముదిరేకొద్దీ పాట సన్నగిల్లింది.

మానసిక జబ్బు మాత్రం ముందునుంచీ ఉంది. 1944లో టెక్సస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్‌లో కలిగినవాళ్లింట పుట్టాడు. కొలరాడోలో చదువుతుండగా అమ్మానాన్నలు భయపడి వెనక్కి తెచ్చుకున్నారు. గాల్వెస్టన్‌లో మూడు నెలలు ఇన్సులిన్ షాక్ చికిత్స చేయించారు. మోతాదు మించి ఇన్సులిన్ ఎక్కిస్తే రక్తంలో చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు, తర్వాత గ్లూకోజ్ ఇచ్చి లేపుతారు. చక్కెర అందని మెదడు దెబ్బతింటుంది. ఆయనకు చిన్ననాటి జ్ఞాపకాలు చాలావరకు చెరిగిపోయాయి. మంచి జరుగుతుందనే ఆ తల్లి ఒప్పుకుంది, ఆ తర్వాత జీవితాంతం బాధపడింది.

1996 డిసెంబరులో తుంటి విరిగినా వారం రోజులు ఆస్పత్రికి వెళ్లలేదు. ఆపరేషన్ కాగానే ఇంటికొచ్చేశాడు. 1997 జనవరి 1న, 52 ఏళ్లకే గుండె ఆగింది. ఇక్కడ ఒక మాట: ఏళ్ల తరబడి తాగేవాళ్లు ఆస్పత్రిలో చేరి ఒక్కసారిగా మానాల్సి వస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

ప్రశ్న: ఆయనలా గిటార్ వేళ్లతో మీటడం ఎలా మొదలుపెట్టాలి? (విశాఖ విద్యార్థిని)

జవాబు: ఆయన టెక్సస్ గాయకుడు లైట్నింగ్ హాప్కిన్స్ బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటల బాణీ) విని ఎంతో నేర్చుకున్నాడు. ముందు బొటనవేలి సంగతి చూడండి. సి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పట్టి 5, 4 తీగలను (కింది సన్న తీగ 1, పై లావు తీగ 6) మార్చిమార్చి మీటండి. జి కార్డ్‌కు 6, 4. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, బొటనవేలు దానంతటదే నడిచేదాకా అదొక్కటే చేయండి. తర్వాత చూపుడువేలితో 2వ తీగ, మధ్యవేలితో 1వ తీగ కలపండి. కార్డ్ మారేచోట బొటనవేలు ఒక్క క్షణం ఆగుతుంది, తాళం అక్కడే విరుగుతుంది. అలా ఆగితే పాట వదిలేసి, ఆ రెండు కార్డులే పది నిమిషాలు తిప్పండి. 1973లో హ్యూస్టన్‌లోని ఓల్డ్ క్వార్టర్ అనే చిన్న బార్‌లో ఆయన ఒక్కడే పాడిన రికార్డింగ్ వింటే ఆ నడక చెవికెక్కుతుంది.

ప్రశ్న: ఆయన పాటల డబ్బు ఇప్పుడెవరికి? (డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు)

జవాబు: ఆయనకు మూడు పెళ్లిళ్లు, మూడూ విడాకులతో ముగిశాయి. ముగ్గురు పిల్లలు. ఆయన 1972 పాట 'పాంచో అండ్ లెఫ్టీ'ని విల్లీ నెల్సన్, మెర్ల్ హగ్గార్డ్ పాడితే 1983లో అమెరికా కంట్రీ చార్టులో మొదటి స్థానానికి చేరింది. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే గాయకుడికి పైసా రాదు. రచయితకు, పబ్లిషర్‌కు వస్తుంది. ఆయన పాటలు పెద్ద గాయకులు పాడటం ఇంటికి ఆసరా అయింది అందుకే.

అసలు కీలకం 28 ఏళ్ల లెక్క. అక్కడ 1978కి ముందు పాటలకు మొదటి విడత కాపీరైట్ హక్కు 28 ఏళ్లు. అది తీరకముందే రచయిత పోతే రెండో విడత, ఆయన పబ్లిషర్‌కు రాసిచ్చేసి ఉన్నా సరే, భార్యాపిల్లలకే చెందుతుంది. విడాకులైన భార్య ఆ లెక్కలోకి రాదు. 1972 పాటకు ఆ గడువు 2000తో తీరింది, ఆయన 1997లోనే పోయాడు. కాబట్టి అది పిల్లల హక్కు.

   

మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 2012 సవరణ తర్వాత సినిమా పాట రాసినవారి రాయల్టీ వాటాను నిర్మాత రాయించుకోలేడు. మీ ఇంట్లో పాటలు రాసినవారుంటే సినిమా, ఏడు, గాయకుల పేర్లతో జాబితా, ఒప్పందాల నకళ్లు ఒక ఫైల్లో పెట్టించండి. వారసులు, పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌కు దరఖాస్తు చేసేటప్పుడు వెతుక్కునేది ఆ కాగితాలే.