మెట్రోలో గుండెదడ, ఈసీజీ మాత్రం నార్మల్: నా సమాధానం

అమీర్‌పేటలో రైలు మారుతుంటే గుండె దడదడలాడి, వేళ్లు తిమ్మిరెక్కాయనీ, ఈసీజీ నార్మల్ అనీ రాశారు కదండీ. అది మీ ఊహ కాదు, పానిక్ అటాక్‌లా ఉంది, అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్ర భయం. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్ వదిలితే, కుక్క వెంటపడినట్టే ఉంటుంది. కుక్క మాత్రం కనబడదు! గబగబా ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, ఆ తిమ్మిరి అందుకే.

ఈ అటాక్ సాధారణంగా 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి, మెల్లగా తగ్గుతుంది. నాకు ఇలా వచ్చినప్పుడు వెంటనే రైలు దిగిపోయేవాణ్ణి. అదే తప్పయింది, మెట్రో అంటేనే భయం పట్టుకుంది. కూర్చుని 4 అంకెలు లెక్కపెడుతూ పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి.

ఖాళీ కడుపుతో రెండు ఇరానీ చాయ్‌లు మానండి. థైరాయిడ్ ఎక్కువైనా గుండెదడ రావొచ్చు, ఆ పరీక్ష ఒకసారి చేయించండి. మళ్లీ మళ్లీ వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఛాతీ నొప్పి చేతికి పాకితే మాత్రం టెన్షన్‌లే అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.