టెక్ సందేహాలు: గోల్ఫ్ డ్రైవర్‌కి ఫిట్టింగ్ చేయించుకోవాలా?

ఈ శీర్షికకి డ్రైవర్ గురించి ప్రశ్న వచ్చిందంటే మామూలుగా ప్రింటర్‌దో, గ్రాఫిక్స్ కార్డుదో అయి ఉంటుంది. ఈ వారం వచ్చిన మూడు ఉత్తరాలు మాత్రం టీ (నేలలో గుచ్చే చిన్న పుల్ల) మీద పెట్టిన బంతిని దూరంగా కొట్టే క్లబ్ (గోల్ఫ్ కర్ర), అంటే గోల్ఫ్ డ్రైవర్ గురించి. మన స్వింగ్‌ని, అంటే కొట్టే తీరుని, కొలిచి దానికి తగ్గ క్లబ్‌ని ఎంచి సర్దడాన్ని ఫిట్టింగ్ అంటారు. మూడూ విశాఖ నుంచే. దీని వెనక రాడార్లు, కెమెరాలు, సెన్సర్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇక్కడే జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. నాలుగేళ్ళుగా ఆదివారాలు ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ కోర్సులో ఆడుతున్నాను. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 20. డ్రైవర్‌తో కొట్టిన బంతి సగం సార్లు కుడికి వంగిపోయి చెట్లలో పడుతోంది. నా స్నేహితుడు బెంగళూరు వెళ్ళి ఫిట్టింగ్ చేయించుకుని కొత్త డ్రైవర్ కొన్నాడు. 15 యార్డులు పెరిగాయంటున్నాడు. నేనూ వెళ్ళాలా? లేక ఆ డబ్బు కోచ్‌కి ఇవ్వడం మంచిదా? (ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వెళ్ళండి. కానీ కొత్త డ్రైవర్ కొనాల్సిందేనని ముందే నిర్ణయించుకుని వెళ్ళకండి. ఫిట్టింగ్‌లో మీకు నిజంగా ఉపయోగపడేది కొలత. అది చేతికొచ్చాక డ్రైవర్ మార్చాలో, ఉన్నదాన్నే సర్దుకోవాలో, ముందు కోచ్ దగ్గరికి వెళ్ళాలో మీకే అర్థమవుతుంది.

ముందు ఆ 15 యార్డుల సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పలచన కాబట్టి బంతికి అడ్డు తక్కువ. విశాఖలో గాల్లో 200 యార్డులు వెళ్ళే బంతి అక్కడ మరో ఆరేడు యార్డులు ఎక్కువ వెళ్తుంది. హైదరాబాద్‌లో అయితే నాలుగు యార్డుల దాకా తేడా వస్తుంది. మీ స్నేహితుడు ఇక్కడి పాత డ్రైవర్ దూరాన్ని అక్కడి కొత్త డ్రైవర్ దూరంతో పోల్చి ఉంటే, పెరిగినదాంట్లో సగం దాకా ఊరి ఎత్తు వల్ల వచ్చిందే. అందుకే మీ పాత డ్రైవర్ వెంట తీసుకెళ్ళి, అక్కడే, బంతిని కొలిచే అదే మెషీన్ ముందు, అవే బంతులతో ముందు దాన్ని కొట్టండి. అది చేయకుండా కొత్తది చేతికిచ్చే చోట డబ్బు పెట్టొద్దని నా సలహా. మంచి మెషీన్లలో ఫలితాన్ని సముద్రమట్టానికి, మామూలు ఉష్ణోగ్రతకి సర్ది చూపించే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేయమని అడగండి.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అపోహ కూడా చెప్పాలి. విశాఖలో ఉక్కపోత ఎక్కువ కాబట్టి గాలి బరువెక్కి బంతి దూరం వెళ్ళదని అంటుంటారు. నిజానికి తేమగాలి పొడిగాలి కన్నా కొంచెం తేలిక. ఒళ్ళు బరువెక్కేది మనకే. బంతికి అడ్డొచ్చేది సముద్రం నుంచి వచ్చే ఎదురుగాలి. స్పిన్ (బంతి తన చుట్టూ తాను తిరగడం) ఎక్కువైన బంతి ఆ గాలికి పైకి లేచి అక్కడే పడిపోతుంది.

ఇక మెషీన్ ఏం చేస్తుందో చూద్దాం. బంతి ఎగిరే తీరుని కొలిచే వీటిని లాంచ్ మానిటర్లు అంటారు. ట్రాక్‌మ్యాన్ లాంటివి డాప్లర్ రాడార్‌తో పనిచేస్తాయి. తుఫాను వస్తోందంటే మనం తలుచుకునే కైలాసగిరి వాతావరణ రాడార్‌ది కూడా ఇదే సూత్రం. కదిలే వస్తువుకి తగిలి తిరిగొచ్చిన తరంగంలో మార్పుని బట్టి వేగం తెలుస్తుంది. ఫోర్‌సైట్ జీసీక్వాడ్ లాంటివి మాత్రం క్లబ్ తగిలిన క్షణంలో బంతిని వేగంగా ఫోటోలు తీసి లెక్క కడతాయి. రాడార్‌కి బంతి కొంత దూరం ఎగరడం కనిపించాలి. కాబట్టి ఆరుబయట అది బాగుంటుంది. నాలుగు గోడల మధ్య, వల ముందు అయితే కెమెరాది పైచేయి. చవక మెషీన్లు వేగాన్ని బాగానే కొలుస్తాయి కానీ, చాలావాటిలో స్పిన్ కొలిచింది కాదు, అంచనా వేసింది. ‘స్పిన్ కొలుస్తుందా, లెక్క కడుతుందా?’ అని మొహమాటపడకుండా అడగండి. జవాబు తడబడితే ఆ ఫిట్టింగ్ వదిలేయొచ్చు.

తెర మీద ఇరవై అంకెలు కనబడతాయి. మీరు నాలుగు చూస్తే చాలు: క్లబ్ వేగం, బంతి వేగం, బంతి లేచిన కోణం, స్పిన్. బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే వచ్చేదాన్ని స్మాష్ ఫ్యాక్టర్ అంటారు. డ్రైవర్‌తో అది 1.5 దగ్గరికి వస్తే ఫేస్ (డ్రైవర్‌లో బంతికి తగిలే ముందు వైపు) నడిమధ్య తగిలినట్టే. మీ క్లబ్ వేగం గంటకు 90 మైళ్ళనుకుందాం. స్మాష్ 1.40 అయితే బంతి వేగం 126 మైళ్ళు. 1.48 అయితే 133. బంతి వేగం ఒక మైలు పెరిగితే సుమారు రెండు యార్డులు కలుస్తాయి కాబట్టి, ఒళ్ళు ఏమాత్రం ఎక్కువ వంచకుండానే దాదాపు 14 యార్డులు వచ్చాయి. అమెరికా పీజీఏ టూర్ ఆటగాళ్ళ సగటు క్లబ్ వేగం 115 మైళ్ళ దగ్గర ఉంటుంది. వాళ్ళ డ్రైవర్ లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం), షాఫ్ట్ (కాడ) చూసి మనం కొంటే నష్టం. 90 మైళ్ళ వేగానికి బంతి 13-15 డిగ్రీల కోణంలో లేవాలి, స్పిన్ నిమిషానికి 2500-3000 చుట్ల మధ్య ఉండాలి. తొమ్మిది డిగ్రీల లాఫ్ట్‌తో మనలో ఎక్కువమందికి ఇది కుదరదు. పదిన్నర, పన్నెండు అడగడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునే విషయం. ఫేస్ కింది భాగంలో తగిలిన బంతి తక్కువ ఎత్తులో, ఎక్కువ స్పిన్‌తో వెళ్తుంది. పై భాగంలో తగిలితే ఎక్కువ ఎత్తు, తక్కువ స్పిన్. షాఫ్ట్ వైపు అంచున తగిలితే బంతి కుడికి వంగుతుంది. అంటే బంతి ఫేస్‌లో ఎక్కడ తగులుతోందో చూడకుండా ‘మీకు స్పిన్ ఎక్కువ, ఈ ఖరీదైన షాఫ్ట్ వేసుకోండి’ అని చెప్తే అది సగం పరీక్షే. ఇంటి దగ్గరే ఒక పని చేయండి. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి మీద చుక్క పెట్టి, ఆ చుక్క డ్రైవర్ వైపు ఉండేలా టీ మీద పెట్టి కొట్టండి. ఫేస్ మీద మచ్చ పడుతుంది. పది బంతులకి పది మచ్చలు చూడండి. అన్నీ ఒకే చోట, మధ్యకి దూరంగా ఉంటే ఫిట్టింగ్ మీకు చాలా సాయపడుతుంది. ఫేస్ అంతా చెల్లాచెదురుగా ఉంటే ముందు కోచ్ దగ్గర పది క్లాసులు తీసుకోండి.

మరో ఉచిత పరీక్ష: గ్రిప్‌ని అంగుళం కిందికి పట్టుకుని పది బంతులు కొట్టండి. షాపులో దొరికే డ్రైవర్ల పొడవు నలభై అయిదున్నర అంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది. చాలామందికి అది ఎక్కువే. కిందికి పట్టుకున్నప్పుడు మచ్చలు మధ్యకి చేరితే మీకు కావలసింది పొట్టి షాఫ్ట్. అలాగే మీ డ్రైవర్ మెడ దగ్గర తిప్పే స్క్రూ ఉందేమో చూడండి. ఉంటే దాన్ని తిప్పే తాళంచెవితో లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచండి. ఆ సర్దుబాటుతో ఫేస్ కొద్దిగా ఎడమకి మూసుకుంటుంది కాబట్టి మీలా కుడికి వంగే బంతికి అదే కొంత మందు. ఇలాంటి సర్దుబాటు డ్రైవర్లు 2008 నుంచి నిబంధనల ప్రకారం చెల్లుతాయి, భయం లేదు. కానీ రౌండ్ మధ్యలో తిప్పకూడదు.

షాఫ్ట్ మీద గట్టితనాన్ని చెప్పే ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్, అంటే గట్టిది) అనే అక్షరాలని నమ్ముకోవద్దు. ఆ గట్టితనానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న ఉమ్మడి కొలత లేదు. ఒకరి ఎస్ ఇంకొకరి ఆర్ అంత మెత్తగా ఉండొచ్చు. కొట్టి చూడటమే దారి. అదీ అలసిపోక ముందే. ముప్పై నలభై బంతులు దాటాక వచ్చే అంకెలు మీ అలసటవి.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే దానివల్ల నేను చాలా బాధపడ్డాను. కొన్నేళ్ళ కిందట ఒక షాపులో ఫిట్టింగ్ చేయించుకుని 45 అంగుళాల షాఫ్ట్ ఆర్డర్ ఇచ్చాను. వచ్చిన డ్రైవర్‌తో నాలుగు నెలలు ఆడాను. బంతి మళ్ళీ కుడికే. తప్పు నాదేనని స్వింగ్ మార్చుకున్నాను, నడుం నొప్పి తెచ్చుకున్నాను. చివరికి ఒకరోజు టేపు పెట్టి కొలిస్తే నలభై అయిదు ముప్పావు ఉంది. ఆర్డర్ కాగితం దాచుకున్నాను కాబట్టి మార్చి ఇచ్చారు. ఆ నాలుగు నెలలు మాత్రం తిరిగి రాలేదు. అందుకే చెప్తున్నాను: లాఫ్ట్, పొడవు, షాఫ్ట్ పేరు, బరువు, గ్రిప్ సైజు అన్నీ కాగితం మీద రాయించుకోండి. కొత్తది రాగానే కొలవండి. వీలైతే అదే మెషీన్ ముందు పది బంతులు కొట్టి చూడండి. ఫీజులో డ్రైవర్ కొంటే తగ్గించేది ఎంత, కొనకపోతే కట్టేది ఎంత అని ముందే అడగండి. కొనకపోయినా అంకెల ప్రింట్ ఇచ్చే చోటికే వెళ్ళండి.

ప్రశ్న: నా ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంది. లాంచ్ మానిటర్ లేకుండా దీంతోనే స్పిన్, క్లబ్ తగిలిన చోటు తెలుసుకోవచ్చా? (మధురవాడ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: తెలుసుకోలేరు. 90 మైళ్ళ వేగంతో వచ్చే క్లబ్ రెండు ఫ్రేముల మధ్య దాదాపు 17 సెంటీమీటర్లు కదులుతుంది. బంతికి, ఫేస్‌కి మధ్య స్పర్శ ఉండేది సుమారు అర మిల్లీసెకను. మీ ఫోన్‌లో ఒక ఫ్రేముకి, ఇంకో ఫ్రేముకి మధ్య నాలుగు మిల్లీసెకన్లు దాటుతుంది. అసలు ఘట్టం ఆ సందులోనే జరిగిపోతుంది. స్వింగ్ ఎలా మొదలైంది, నడుం ఎప్పుడు తిరిగింది, చేతులు ఎక్కడున్నాయి అనేవి చూడటానికి మాత్రం ఫోన్ చాలా మంచిది. ఛాతీ ఎత్తులో, బంతి గీతకి సరిగ్గా వెనక, స్టాండ్ మీద పెట్టండి. ఎండలో తీస్తే ఫ్రేములు స్పష్టంగా వస్తాయి. క్లబ్ ఎక్కడ తగిలిందో చెప్పడానికి పైన చెప్పిన మార్కర్ చుక్క చాలు.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్ళు. వాళ్ళ నాన్న పాత డ్రైవర్‌ని కోయించి ఇవ్వాలనుకుంటున్నాం. ఫిట్టింగ్ కూడా చేయించాలా అండీ? (సీతమ్మధార నుంచి ఒక అమ్మ)

జవాబు: కోయించకండమ్మా. పెద్దల షాఫ్ట్‌ని కోస్తే ఇంకా గట్టిపడుతుంది, హెడ్ (బంతికి తగిలే తల) బరువు మాత్రం అంతే ఉంటుంది. ఆ బరువుని ఆపుకోవడానికి పాప ఒళ్ళు మెలిపెట్టడం నేర్చుకుంటుంది, తర్వాత ఆ అలవాటు పోగొట్టడం కష్టం. ఎత్తుని బట్టి అమ్మే పిల్లల డ్రైవర్, వీలైతే వాడినదే, తీసుకోండి. ఏడాది తిరిగేసరికి పొడవు చాలదు. డబ్బిచ్చి ఫిట్టింగ్ ఇప్పుడే అక్కర్లేదు. తన ఎత్తు పెరగడం నెమ్మదించాక చేయించండి. అప్పటిదాకా ఆరు నెలలకోసారి కోచ్‌ని పిలిచి గ్రిప్ లావు, పొడవు చూపించండి.